నీళ్ళల్లో దిగావా?

ఫోన్ మోగేసరికి మావయ్య వాకిట్లో స్కూటర్ కడుగుతున్నారు. రెండు చేతుల నిండా సబ్బు నురగ. కిటికీ గట్టు మీద పెట్టిన ఫోన్ అదురుతూ అదురుతూ గట్టు అంచుకి జరిగిపోతోంది. నేను పరుగున వెళ్ళి అందుకుని, పేరు చూసి, ఏమీ మాట్లాడకుండా ఆయన చెవికి ఆనించి పట్టుకున్నాను. నరసింగరావు గారు. పొద్దుటి నుంచీ ఇంట్లో అందరం ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తున్నాం. ఎదురుచూడటం లేదన్నట్టు ఎవరి పనుల్లో వాళ్ళం తిరుగుతున్నాం.

నరసింగరావు గారు శ్రీకాకుళంలో మా ఈత క్లబ్బుకి కోచ్. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి వినబడేలా మాట్లాడటం అలవాటైపోయింది. అందుకని ఫోన్ మావయ్య చెవి దగ్గరున్నా ఆయన మాట నాకూ వినబడింది, వంటింట్లో ఉన్న అత్తయ్యకీ వినబడింది.

“ఏసుదానం గారూ, ఒప్పుకున్నారండి. మీ నలుగురి పేర్లూ మళ్ళీ ఏసుకున్నారు. రేపు తొమ్మిదికల్లా విజయనగరంలో ఉండాల.”

మావయ్య చెవిని ఫోన్‌కి ఇంకా గట్టిగా ఆనించారు. తరవాత, “సార్, మళ్ళీ ఒకసారి సెప్పండి,” అన్నారు.

ఆయన మళ్ళీ చెప్పారు. మావయ్య “అలాగే సార్, అలాగే” అంటూ తల ఊపుతుంటే నా జాకెట్టు చేతికి, చెంపకి, ఫోన్‌కి కూడా సబ్బు అంటుకుంది. ఫోన్ పెట్టేశాక నేను ఉన్నచోటే ఒక గెంతు గెంతాను. కొత్త కోడలు గెంతకూడదని తర్వాత గుర్తొచ్చింది. ఆ గెంతు చూసి మా ఆయన లోపల్నుంచి బనీనుతోనే వచ్చేశారు. విషయం విని ఆయనా గెంతారు కాబట్టి నాది లెక్కలోకి రాలేదు.

మా ఆయన పేరు పాల్. పెద్దవాళ్ళ ముందు మొగుణ్ణి పేరు పెట్టి పిలవొద్దని మా అమ్మ చెప్పి మరీ పంపింది. అందుకని ఇంట్లో ‘ఈయన’ అంటాను. కాగితం మీద అత్తయ్యకి వినబడదు కదా, ఇక్కడ పాల్ అనే రాస్తాను. రాయడానికి కూడా ఎంత బాగుంటుందో ఆ పేరు.

మా పేర్లు మళ్ళీ వేసుకోవడమంటే, ఒకసారి తీసేశారన్న మాట. తీసేసింది నా మూలంగా.

మావయ్య ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులకి నీళ్ళల్లో నడవమని డాక్టరు చెబితే పూల్‌కి వెళ్ళడం మొదలుపెట్టారట. నడవడానికి వెళ్ళిన మనిషి కప్ప ఈత నేర్చుకుని వచ్చారు. మా క్లబ్బులో ఈ వయసువాళ్ళే రావాలని ఏమీ లేదు. పలక పట్టుకునే పిల్లల దగ్గర్నుంచి మనవలున్న తాతల దాకా ఒకే నీళ్ళల్లో ఈదుతారు, ఒకే కోచ్ చేత తిట్లు తింటారు. పోటీలకి అందరూ వెళతారు. మావయ్య కూడా వెళ్ళేవారు, అందరి సంచులూ వాచీలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోడానికి. ఆయన వయసువాళ్ళకి విడిగా పందేలు ఉండేవి కావు.

ఉన్నదొక్కటే. ఏటా విజయనగరంలో జరిగే అన్ని వయసుల రిలే. నలుగురు ఒకరి తర్వాత ఒకరు, ఒక్కొక్కరు ఒక్కో రకం ఈత ఈదాలి. నలుగురిలో ఇద్దరు ఆడవాళ్ళుండాలి. ఒకరు స్కూలు వయసు పిల్ల గానీ పిల్లాడు గానీ కావాలి, ఒకరు అరవై దాటినవాళ్ళు కావాలి. అరవై దాటినవాళ్ళకి మావయ్య ఉన్నారు. పిల్లల తరఫున దుర్గాభవాని ఉంది. ఎనిమిదో తరగతి చదువుతోంది, నీళ్ళల్లో పడితే కొరమీను, బయట కూడా అంతే, మాటకి దొరకదు. పాల్ ఉన్నారు. ఇంకొక ఆడమనిషి దగ్గరే ఏటా ఆగిపోయేది. కిందటేడు ఒక బ్యాంకు ఉద్యోగిని దొరికితే పోటీలకి ముందే ఆవిడకి బదిలీ అయింది. కొడుకుతో కలిసి ఒక్కసారి పందెంలో ఈదాలని మావయ్యకి ఎంత ఆశో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పాల్ చెప్పారు, పెళ్ళైన కొత్తలో, స్కూటర్ మీద.

సరిగ్గా అప్పుడు నేను కోడలుగా వచ్చాను. అది కూడా కళింగపట్నం నుంచి.

కళింగపట్నం పిల్ల అంటే ఈత వచ్చే పుడుతుందని అందరి నమ్మకం. మా నాన్న అక్కడ బడిపంతులు. నాకు సముద్రమంటే సాయంత్రం మురీ మిక్చర్ తింటూ చూసే వస్తువు. అల పాదాలు దాటితే మా అమ్మ వెనకనుంచి జడ పట్టుకుని లాగేది. కానీ ఈత వచ్చా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే రాదని చెప్పేదాన్నే. నరసింగరావు గారు అడిగిన ప్రశ్న వేరు.

నేను క్లబ్బులో చేరడానికి వెళ్ళిన సాయంత్రం, పాల్, మావయ్య స్కూటర్ నిలపడానికి చోటు వెతుకుతుంటే నేనొక్కదాన్నీ ముందు లోపలికి వెళ్ళాను. నరసింగరావు గారు ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఆయన మొహం వెలిగింది.

“ఎప్పుడైనా నీళ్ళల్లో దిగావా అమ్మా?”

“దిగాను సార్. ఇంటర్ చదివేటప్పుడు, వంశధారలో.”

మా చర్చిల్లో ఆ మాటకి ఒకటే అర్థం. నీళ్ళల్లో దిగావా అంటే, బాప్తిస్మం తీసుకున్నావా అని. చిన్నప్పటి నుంచి మా ఇంటికొచ్చిన ప్రతి పాస్టరు గారూ, ప్రతి సంఘ పెద్దా అడిగిన మాట. పెళ్ళిచూపుల్లో మావయ్య నన్ను అడిగిన మొదటి మాట కూడా అదే. నుదుట కుంకుమ బొట్టున్న నరసింగరావు గారు అది అడగడం కొంచెం వింతగానే అనిపించింది. మావయ్యతో స్నేహం కదా, మన సంగతులు తెలిసి ఉంటాయిలే అనుకున్నాను.

“వంశధారలోనా? సముద్రంలో కలిసే కాడా?” అన్నారాయన.

“దానికి దగ్గర్లోనే సార్.”

“బయమెయ్యనేదా?”

“లేదు సార్. ఒడ్డున అందరూ పాటలు పాడుతున్నారు.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఆ చూపులో ఉన్నది గౌరవమని నాకు మర్నాడు గానీ తెలియలేదు. మావాళ్ళు లోపలికి వచ్చేసరికే విజయనగరానికి ఫోన్ చేసి మా నలుగురి పేర్లూ ఇచ్చేశారు. ఏటికి ఎదురు పాటలు పాడుకుంటూ ఈదే కోడల్ని తెచ్చుకున్నావయ్యా అని మావయ్య భుజం తట్టారు. పిల్లల కేరింతల్లో నాకు ఆ చివరి మాటే వినబడింది; మావయ్య నావైపు చూస్తే నేను నవ్వాను, పెద్దవాళ్ళు మెచ్చుకుంటున్నప్పుడు నవ్వాలి కదా అని. కోడలికి ఈత వచ్చన్న సంగతి మనకెవరూ చెప్పలేదే అని తండ్రీ కొడుకులు దారంతా మనసులోనే ఆశ్చర్యపోయారట. మావయ్య ఆ రాత్రి వేడి జిలేబీలు తెచ్చారు. ఎందుకు తెచ్చారో తెలియకుండానే ఎక్కువ తిన్నది నేనే.

మర్నాడు పొద్దున్న నీళ్ళల్లో దిగాను, నిజంగా. గుండెల దాకా నీళ్ళు. ఒళ్ళంతా కప్పే ఈత బట్టలు, తల మీద గులాబిరంగు రబ్బరు టోపీ. అద్దంలో చూసుకున్నప్పుడు బంగాళాదుంపలా ఉన్నానని నవ్వొచ్చింది గానీ ఇప్పుడు రావడం లేదు. గట్టు మీద నుంచి నరసింగరావు గారు, ముందు ఒకసారి తల ముంచి లేవమ్మా, చూద్దాం అన్నారు.

నీళ్ళల్లో తల ముంచడం నాకు తెలిసింది ఒకే రకం. కళ్ళు మూసుకున్నాను. రెండు చేతులూ గుండెల మీద మడిచి పెట్టుకున్నాను. వెనక్కి పడిపోయాను.

వంశధారలో అయితే మెడ కింద పాస్టరు గారి చెయ్యి ఉంది. ముక్కు మీద ఆయన పట్టిన రుమాలు ఉంది. ఇక్కడ ఏదీ లేదు. ముక్కులోకి, గొంతులోకి నీళ్ళు. విజిలు మోత. ఎవరో దూకిన చప్పుడు. నన్ను నిలబెట్టేసరికి దగ్గు, కన్నీళ్ళు, చుట్టూ మనుషులు.

దుర్గాభవాని కళ్ళద్దాలు నుదుటి మీదకి లాక్కుని, “అదేటక్కా, శవంలాగ చేతులు కట్టుకుని పడిపోనావు?” అంది.

పక్క వరసలోంచి మావయ్య అప్పటికే వచ్చేశారు. సంఘ పెద్ద కదా, నా చేతుల మడత చూడగానే ఆయనకి అంతా అర్థమైపోయింది.

“సార్, అది బాప్తిస్మం సార్. మావోళ్ళు ఎనక్కే ములుగుతారు.”

“మరి వంశధార?” అన్నారు నరసింగరావు గారు.

“అదీ బాప్తిస్మమే సార్.”

“పాటలు?”

“సంఘం పాడతాది సార్.”

ఆయన గట్టు మీద కూలబడి నవ్వారు. విజిలు మెళ్ళో ఎగిరెగిరి పడేలా నవ్వారు. నవ్వడం అయిపోయాక లేచి, మొహం తుడుచుకుని, విజయనగరానికి ఫోన్ చేసి మా పేర్లు తీసేయమన్నారు. తప్పదు మరి. మావయ్య, పర్నేదులే సార్, వచ్చే యేడు సూద్దాం అన్నారు. బయట బండి దగ్గర ఎప్పటిలా ఇడ్లీ చెప్పారు గానీ సగం వదిలేశారు. ఇడ్లీ వదిలేసే మనిషి కాదాయన. ఆ సగం ఇడ్లీ నాకు రోజంతా కళ్ళల్లో మెదిలింది.

తర్వాత రోజుల్లో ముందుకి మునగడం నాకు ఎంతకీ రాలేదు. మొహం నీళ్ళకి ఆనగానే ఒళ్ళు కర్రలా బిగిసిపోయేది. పాల్ ఎంతో ఓపిగ్గా చెప్పేవారు. చెప్పేకొద్దీ నేను ఆయన మొహం చూస్తూ ఉండిపోయేదాన్ని, తలకి తడి టోపీ, దాని కింద ఆ కనుబొమ్మలు. నేర్చుకున్నది మాత్రం సున్నా. చివరికి మావయ్యే నరసింగరావు గారి దగ్గరికి వెళ్ళి, పిల్ల ముందుకి బయపడతన్నాది గానీ ఎనక్కి పడ్డానికి బయపడనేదు సూసేరా, నేనొకసారి వెల్లకిల పడుకోబెడతాను అన్నారట.

మావయ్య ఎన్నో ఏళ్ళుగా నాగావళిలో బాప్తిస్మాలప్పుడు పాస్టరు గారి పక్కన నిలబడి మనుషుల్ని పట్టుకుంటారు. నా మెడ కింద అరచెయ్యి పెట్టగానే నాకు ఇంటరు రోజులు గుర్తొచ్చాయి. భుజాలు వాటంతట అవే వదులయ్యాయి. చెవులు నీళ్ళల్లోకి వెళ్ళగానే విజిళ్ళు, పిల్లల అల్లరి, దుర్గాభవాని వెటకారం, అన్నీ ఎక్కడో దూరం ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. పైన ఆకాశం, ఒక గద్ద.

చెయ్యి తీసేయొద్దని బతిమాలాను.

“సెప్పకుండా తియ్యనమ్మా. తీసినప్పుడు సెప్పి తీస్తాను,” అన్నారు.

అన్నట్టే రోజూ అడిగేవారు. తియ్యమంటావా? వద్దు మావయ్యా. సరేనని పట్టుకునే ఉండేవారు, మోకాళ్ళ నొప్పులతో, తన ఈత మానుకుని. ఒకరోజు, ఆ గద్ద వచ్చిందా అని చూస్తున్న ధ్యాసలో, ఆయన అడిగితే తియ్యండి అనేశాను. ఇప్పుడు తీస్తన్నాను అని చెప్పి తీశారు. నేను మునగలేదు. ఇంత చిన్న సంగతికి మనిషి అంత సంతోషపడొచ్చా అంటే, పడొచ్చు. నీళ్ళ మీద పడుకుని గట్టిగా నవ్వాను, నోట్లోకి నీళ్ళు పోయినా నవ్వాను.

అక్కణ్ణుంచి నరసింగరావు గారు నన్ను అందుకున్నారు. రిలేలో మొదటిది వెల్లకిల ఈతే, పైనుంచి దూకక్కర్లేదు, నీళ్ళల్లోనే మొదలుపెడతారు, నువ్వు దానికే పుట్టావు అన్నారు. ఎటు వెళుతున్నామో కనబడదని వెల్లకిల ఈత చాలామందికి నచ్చదట. నాకు భలే నచ్చింది. చేతులు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి వేసుకుంటూ పోవడమే. మొదట్లో అవతలి గోడకి తల కొట్టుకునేది. అప్పట్నుంచి పాల్ ఆ గోడ దగ్గర నిలబడి అరచెయ్యి అడ్డం పెట్టేవారు. నా తల వెళ్ళి ఆ చేతికి తగలడం, అదీ నా గమ్యం. ఇంకెవరైనా ఇంత తేలిగ్గా ఈత నేర్చుకున్నారో లేదో తెలీదు.

నిన్న గురువారం తాడు పట్టుకోకుండా, కాలు ఆనించకుండా ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్ళాను. నరసింగరావు గారు అప్పటికప్పుడు విజయనగరానికి ఫోన్ చేశారు. గడువు దాటిపోయిందండీ, అడిగి రేపు చెబుతాం అన్నారట వాళ్ళు.

ఆ రేపే ఈ శుక్రవారం.

అత్తయ్య గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చారు. ఆవిడ పేరు లీలారాణి. ఇంట్లో ముగ్గురం రోజూ పొద్దున్నే పోయి నీళ్ళల్లో మునుగుతున్నా ఆవిడ ఒక్కసారీ పూల్ గేటు దాటి రాలేదు. తన మనుషుల తలలు నీళ్ళ కిందకి వెళ్ళడం చూడలేరట. స్కూటర్ చప్పుడు వినబడేదాకా వీధి గుమ్మంలో నిలబడి ఉంటారు. విన్నాక లోపలికి వెళ్ళిపోయి, ఎదురుచూడనట్టు చోడంబలి, అదే రాగి అంబలి, కలుపుతుంటారు. ఇప్పుడు వార్త విని ఆవిడ అడిగింది ఒక్కటే, అక్కడ లోతెంతుంటాదని. మన దగ్గరున్నంతే అని పాల్ చెప్పారు. ఆవిడ గరిటెతో లోపలికి వెళ్ళారు. పాల్ దుర్గాభవాని వాళ్ళ ఇంటికి ఫోన్ కలిపారు.

ఆ సందట్లో మావయ్య కనబడలేదు. స్కూటర్ సగం సబ్బుతో అలాగే ఉంది. చూస్తే పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతుల మీద నురగ ఆరిపోయి తెల్లగా అట్టకట్టింది. ఏమైంది మావయ్యా అని పక్క మెట్టు మీద కూర్చున్నాను.

“సారుకి ఫోన్ సేసి సెప్పేయమ్మా, నాకు ఒంట్లో బాగోనేదని.”

నొప్పా, ఆయాసమా అని అడిగాను. అవేవీ కాదని తల అడ్డంగా ఊపారు. అరచేతుల మీద ఆరిన నురగ గీకుతూ అన్నారు.

“ఇన్నేళ్ళూ పేర్లు పడితే సాలనుకున్నాను. పడ్డాయి. ఇప్పుడు సూస్తే, మీరు ముగ్గురూ కుర్రోళ్ళు. మద్దిలో నేను. అవతలోళ్ళు గట్టెక్కి టీ తాగొచ్చేసినా నేను ఇంకా తన్నుకుంటూ ఉంటాను. ఆ జనం అంతా సూస్తారు. నన్ను ఏసుకున్నది ఈతకేటి? వయసుకి.”

మీరు బాగా ఈదుతారు అంటే అది అబద్ధం. మావయ్య ఈత నిజంగానే నిదానం, గేదె చెరువు దాటినట్టు ఉంటుంది. అందుకని నాకు తోచిందే అన్నాను.

“మరి నన్ను దేనికి వేసుకున్నారు మావయ్యా? ఆడదాన్నని. దుర్గాభవానిని స్కూలు పిల్లని. ఈత కోసం వేసుకున్నది మీ అబ్బాయిని ఒక్కరినే. ఆయన ఒక్కరే ఈదితే రిలే అవదు.”

ఆయన నావైపు చూశారు. మూతి కొంచెం కదిలింది. నేను ఇంకో మాట కూడా అన్నాను. మొదట ఈదేది నేను. నేను ఎలాగూ అందరికంటే వెనకే వస్తాను. అవతలి గోడకి ఎంత వెనక వస్తే మీరు అంత తీరిగ్గా మొదలుపెట్టొచ్చు, మీ వల్ల ఓడిపోయామని అనడానికి ఎవరికీ వీలుండదు.

అప్పుడు నవ్వారు మావయ్య. చిన్నగా మొదలై, భుజాలు కదిలేదాకా. నా ఒంట్లోంచి బరువంతా దిగిపోయింది. ఆ నవ్వు ఆగేలోగా వెనకనుంచి అత్తయ్య గొంతు వచ్చింది. ఎప్పుడొచ్చారో, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నారు.

“టీ తాగొచ్చేస్తే తాగొచ్చేయనీ. వాళ్ళు టీ తాగడానికి పోతే నిన్ను సూసేవోళ్ళు తగ్గుతారు కదా. దానికేటి ఏడుపు?”

“నువ్వు ఎప్పుడైనా వచ్చి సూసేవేటి, సెప్పడానికి?” అన్నారు మావయ్య.

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకున్నారు, అవి తడిగా లేకపోయినా.

“రేపు వస్తన్నాను,” అన్నారు. “కళ్ళు మూసుకుంటే మూసుకుంటాను గానీ వస్తన్నాను.”

మావయ్య మెట్టు మీద నుంచి లేచారు. వాకిట్లోకి వెళ్ళి స్కూటర్ మీద చెంబుడు నీళ్ళు పోశారు. అత్తయ్య ఆయన వెనకాలే నడుస్తూ, ఇంట్లో అందరికీ వినబడేలా మర్నాటి సంగతి చెప్పేశారు.

“నాలుగింటికి అందర్నీ లేపుతాను. ఆరింటి బస్సు. ఒరే పాలూ, ఆ పిల్ల దుర్గాభవానిని రాత్రికే ఇక్కడికి వచ్చీమని సెప్పు, పొద్దున్న వాళ్ళింటి సుట్టూ ఎవులు తిరుగుతారు. తువ్వాళ్ళు, వాచీలు, సంచులు నా ఒళ్ళో ఉంటాయి, ఎవులూ దిక్కులు సూడక్కర్లేదు. గెలిసినా ఓడినా మద్దేన్నం నేను పొయ్యి ఎలిగించను. విజయనగరంలోనే కోడి పలావు తినేసి, సాయంత్రం బస్సుకి తిరిగొస్తాం.”